అడుగున సీసం

చిత్తూరు గిరింపేటలో మా గది కింద
దొరస్వామి కాటాల రిపేరు కొట్టు.
పైన మేం ముగ్గురం, రెండు కంప్యూటర్లు,
ఇంకా పేరు కుదరని ఒక ఆట,
అందులో నేను రాసిన తాయెత్తు ఒకటి.

మొదట్లో అది పాపం అమాయకం.
'కట్టుకుంటే నిప్పుబంతికి నూటికి పదిపాళ్ళు బలం.'
అంతే, ఒక్క అంకె.
టీ చల్లారేలోపు హేమాద్రి కోడు రాసేశాడు.
కట్టుకున్నవాడికి కట్టుకున్నట్టే తెలీలేదు.
దయ్యం ఇదివరకు ఆరు దెబ్బలకు చచ్చేది,
ఇప్పుడూ ఆరింటికే చస్తోంది,
కాకపోతే ఆరో దెబ్బకు కొంచెం ఎక్కువగా చస్తోంది.

"అంకె పెరిగితే విద్య మారినట్టా?" అంది షంషాద్,
తెర మీద రాగిరేకుకు నల్లదారం చుడుతూ.
బొమ్మలేసే పిల్ల. తక్కువ మాట్లాడుతుంది,
మాట్లాడితే ఒక వారం పని పెడుతుంది.

రెండో రూపులో బంతి మూడయింది.
ఒకటి విసిరితే మూడుగా విచ్చుకుని
గుహ మూడుమూలలా మండుతుంటే
ఆ రాత్రి ఎవరం ఇంటికి పోలేదు.
వంతులేసుకుని కాల్చాం.

తెల్లారి చెంగల్రాయులు వచ్చాడు.
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
పొద్దున్నే మా ఆటను విరగ్గొట్టడం అతని పని.
కూలి, కారందోసెలు రెండు.
తోతాపురి వాసన వదలని వేళ్ళతో
కుడిచేతికొకటి ఎడమచేతికొకటి కట్టాడు తాయెత్తు.
మూడు తొమ్మిదయ్యాయి.
మెడలో ఇంకోటి, ఇరవయ్యేడు.
నడుముకు. కాలికి.
మా గొర్రెలకాపరి వీరుడు
మొక్కుదారాలు కట్టిన దర్గా కిటికీలా నిలబడి
చెయ్యెత్తాడు.
రెండొందల నలభైమూడో బంతి పుట్టేలోగా
ఫ్యాను ఘాటెక్కుతున్న బస్సులా మూలిగి
తెర నల్లబడింది.
"దయ్యం బతికే ఉండాది మేడమ్,
సిస్టమే సచ్చిపోయింది" అన్నాడు, నవ్వకుండా.

మూడో రూపు నేను రాయలేదు, నా భయం రాసింది.
ఒక్కటే కట్టాలి. రోజుకు మూడుసార్లే.
నీళ్ళలో పనిచెయ్యదు. పున్నమినాడు చెయ్యదు.
అప్పుకాయితంలా షరతు కింద షరతు,
పెట్టె అంచు దాటి అక్షరాలు కారాయి.
ఎవరూ కట్టుకోలేదు.
చెంగల్రాయులు దాన్ని ఆటలోని అంగట్లో అమ్మి
రెండు రొట్టెలు కొన్నాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోతే
కిందికి దిగి మెట్టు మీద కూచున్నా.
దొరస్వామి ఐదుకిలోల ఇనపగుండును బోర్లించి
అడుగున ఉన్న గుంటలో సీసం కరిగించి పోస్తున్నాడు.
దానికి అడుగున గుంట ఉంటుందనే తెలీదు నాకు.
"చేతులు తగిలి తగిలి అరిగిపోతాయి తల్లీ.
పైన అంకె అట్నే ఉంటాది.
అడుగున మనం సర్దాల."
పోసి, తూచి, ఉలితో పిసరంత గీకి,
మళ్ళీ తూచి,
ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టాడు.
నేనూ.

నాలుగో రూపుకు అంకె లేదు.
తాయెత్తు కడితే నిప్పుబంతి కాల్చదు.
పడినచోట కాసేపు వెలుగై కూచుంటుంది.
దయ్యానికి దాక్కునే చోటుండదు,
మనకూ ఉండదు.
హేమాద్రి రెండువారాలు నన్ను తిట్టుకుంటూ రాశాడు,
నీడలన్నీ మళ్ళీ లెక్కగట్టాలి కదా.

చెంగల్రాయులు మొదటిసారి ఏదీ విరగ్గొట్టలేదు.
దయ్యం పక్కనే నిలబడి
గుహ గోడ మీద షంషాద్ ఎప్పుడో గీసిన,
ఇన్నాళ్ళూ చీకట్లో ఎవరికీ కనపడని
ఏనుగుల వరస చూస్తూ ఉండిపోయాడు.
దోసెలు చల్లారిపోయాయి.

అతని పాత సంచిలో మాత్రం
రెండో రూపు తాయెత్తులు ఐదూ అట్లాగే ఉన్నాయి.
వాటి వెనక ఇప్పుడు కోడు లేదు.
అమ్ముదామంటే ధర లేదు, పారేద్దామంటే మీట లేదు.
"తీసెయ్యనా?" అన్నాడు హేమాద్రి.
వద్దని తలూపాడు చెంగల్రాయులు.

బరువు గడిలో సున్నా కొట్టాను.
వర్ణన గడి దగ్గర చాలాసేపు ఆగి
'ఒకప్పుడు మూడయ్యేది'
అని రాశాను.